మోటారు తిరుగుతున్నా మోడల్ బోటు కదలట్లేదా..? తిరకాసు ఆ చిన్న కప్లింగ్‌లోనే ఉండొచ్చు!

చెరువు మధ్యలో బోటు ఆగిపోయింది. బ్యాటరీలో చార్జింగ్ ఉంది. రిమోట్ సిగ్నల్ అందుతోంది. మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు ఒడ్డు దాకా వినిపిస్తోంది కూడా.. కానీ పడవ మాత్రం అంగుళం కదలదు. రిమోట్ కంట్రోల్ మోడల్ బోట్లు కట్టేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవమే ఇది. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది రెండు వేళ్ల మధ్య పట్టేంత చిన్న భాగాన్ని. మోటారు షాఫ్ట్‌ను, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కలిపే కప్లింగ్ అది.

మోడల్ బోట్లు అంటే పిల్లలాటే అనుకోనక్కర్లేదు. ఎన్‌సీసీ నేవల్ వింగ్ క్యాడెట్లకు షిప్ మోడలింగ్ ఓ పోటీ విభాగం. నీళ్లపై మోటారుతో నడిచే మోడళ్లు కూడా అందులో ఉంటాయి. ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం బోటు చేసే విద్యార్థులు ఉంటారు. విశాఖ హార్బర్‌లో పెద్ద పెద్ద ఓడల్ని లాగే టగ్ బోట్లను చూసి, అలాంటిదే ఓ మూడడుగులది కట్టాలని ముచ్చటపడే ఉద్యోగులూ ఉంటారు. వీళ్లంతా మోటారు, బ్యాటరీ, రిమోట్ దగ్గర నాలుగు చోట్ల అడిగి, రేట్లు పోల్చి మరీ కొంటారు. కప్లింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి తగిలిద్దాం" అనేస్తారు. తప్పు జరిగేది అక్కడే.

ఇంకో పొరపాటు కూడా ఉంది. మోటారు కాస్త వంకరగా కూర్చున్నా ఫర్వాలేదు, వంగే కప్లింగ్ పెడితే అదే సర్దుకుంటుందిలే అనే ధీమా. నిజానికి వంగే కప్లింగ్ ఉన్నది వంకరగా బిగించిన మోటారును కాపాడటానికి కాదు. ఎంత జాగ్రత్తగా బిగించినా మిగిలిపోయే వెంట్రుకవాసి తేడాను మింగడానికి. ఈ ఒక్క విషయం అర్థమైతే కప్లింగ్ ఎంపిక సగం అయిపోయినట్టే.

అసలు అక్కడ ఏం జరుగుతుంది?

మోటారు బోటు లోపల ఉంటుంది. ప్రొపెల్లర్ బయట నీళ్లలో ఉంటుంది. ఈ రెంటి మధ్య స్టెర్న్ ట్యూబ్ అనే సన్నటి గొట్టం పడవ అడుగు నుంచి వాలుగా బయటికొస్తుంది. దాని లోపల ప్రొపెల్లర్ షాఫ్ట్, రెండు చివర్లా ఇత్తడి లేదా కంచు బుష్‌లు. మోటారుకూ తనవైన రెండు బేరింగులు ఉంటాయి. మొత్తం నాలుగు. రెండు బేరింగులు చాలు ఒక గీతను నిర్ణయించడానికి. మిగతా రెండూ కచ్చితంగా అదే గీత మీదికి రావాలంటే ఇంట్లో టేబుల్ మీద చేసే పనిలో దాదాపు అసాధ్యం. అందుకే మధ్యలో కాస్త వంగే కీలు కావాల్సి వస్తుంది.

లైన్ తప్పడం కూడా ఒకే రకంగా ఉండదు. రెండు పెన్సిళ్లను కొసలు ఆనించి పట్టుకోండి. ఒకదాన్ని కాస్త వంచితే అది కోణం తేడా. రెండూ సమాంతరంగానే ఉన్నా ఒకటి పైకి, ఒకటి కిందికి జరిగితే అది పక్కకు జరిగిన తేడా. ఒకదానికొకటి దగ్గరగా, దూరంగా జరిగితే అది పొడవు తేడా. బోటులో ఈ మూడూ కొద్దికొద్దిగా కలిసే వస్తాయి. కానీ ఒక్కో కప్లింగ్ ఒక్కో తేడాను మాత్రమే బాగా తట్టుకుంటుంది.

చిన్న బోటుకు ట్యూబ్ ముక్క చాలు

130 సైజు మోటారుతో నడిచే అర అడుగు, అడుగు పడవలకు సిలికాన్ ట్యూబ్ ముక్క, బైక్ పెట్రోల్ పైపు ముక్క సరిపోతాయి. సైకిల్ వాల్వ్ ట్యూబ్‌తో పని కానిచ్చే పిల్లలూ ఉన్నారు, అందులో నామోషీ ఏమీ లేదు. ఆ మోటారు షాఫ్ట్ 2 మి.మీ. మాత్రమే. దాని బలం అంతంతే. ట్యూబ్ అన్ని వైపులా వంగుతుంది, చప్పుడు కూడా తక్కువ. అయితే బలం పెరిగేకొద్దీ ట్యూబ్ మెలి తిరుగుతుంది, లేదంటే షాఫ్ట్ మీద జారుతుంది. ముందుకు పోతున్న బోటును ఒక్కసారిగా రివర్స్ కొడితే ఊడిపోవడం ఖాయం. మూడడుగుల టగ్‌కు దీన్ని పెట్టి, చుట్టూ ఇనుప తీగ బిగించి చూసినవాళ్లు మళ్లీ మళ్లీ బిగిస్తూనే ఉంటారు.

యూనివర్సల్ జాయింట్.. ఒకటా, రెండా?

షాపుల్లో "బోట్ కప్లింగ్" అంటే ఎక్కువగా చేతిలో పెట్టేది యూనివర్సల్ జాయింటే. లారీ కింద పొడవాటి షాఫ్ట్ చివర్న కనిపించే క్రాస్ జాయింట్‌కు ఇది బుల్లి తమ్ముడు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో, 17వ శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్.. ఈ ఇద్దరి పేర్లతోనూ దీన్ని పిలుస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సింగిల్ జాయింట్ కోణం తేడాను మాత్రమే తట్టుకుంటుంది. అది కూడా రెండు షాఫ్ట్‌ల గీతలు సరిగ్గా జాయింట్ మధ్యలోనే కలిస్తేనే. మోటారు పక్కకు అర మిల్లీమీటరు జరిగి ఉంటే సింగిల్ జాయింట్ చేసేదేం లేదు. ఆ తేడా మొత్తం షాఫ్ట్‌ను వంచి, స్టెర్న్ ట్యూబ్ బుష్‌ను ఒకవైపు అరగదీస్తుంది. బుష్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చాక, ఆ సందులోంచి నీళ్లు లోపలికి రావడం మొదలవుతుంది. కప్లింగ్ బాగానే ఉంది కదా, బోటులోకి నీళ్లెందుకొస్తున్నాయని తల పట్టుకునేవాళ్లు చూడాల్సింది ఇక్కడే.

సింగిల్ జాయింట్‌కు ఇంకో గుణం ఉంది. మోటారు ఒకే వేగంతో తిరిగినా, కోణంలో ఉన్న జాయింట్ అవతలి షాఫ్ట్‌ను ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. కోణం 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు సుమారు ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలకు 6 శాతం దాటుతుంది. 30 డిగ్రీలకు ఏకంగా 13 నుంచి 15 శాతం దాకా పోతుంది. బోటు "గుర్ర్.." మంటూ వణకడానికి సగం కారణం ఇదే.

డబుల్ జాయింట్, అంటే మధ్యలో చిన్న ముక్కతో రెండు జాయింట్లు ఉన్న రకం, పక్కకు జరిగిన తేడాను కూడా తీసుకుంటుంది. మొదటి జాయింట్ తెచ్చిన హెచ్చుతగ్గును రెండోది రద్దు చేస్తుంది. కాకపోతే రెండు షరతులు. రెండు వైపులా కోణం సమానంగా ఉండాలి, మధ్య ముక్కకు రెండు కొసల్లో ఉన్న ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి. విప్పి మళ్లీ పెట్టేటప్పుడు 90 డిగ్రీలు తిప్పి పెట్టారంటే వణుకు తగ్గకపోగా పెరుగుతుంది. అలాగే మధ్య ముక్కకు ఆధారం ఏమీ ఉండదు కాబట్టి అది పొట్టిగా ఉంటేనే మేలు. పొడవైతే అధిక వేగంలో తాడులా ఊగుతుంది. టగ్, ట్రాలర్ లాంటి నెమ్మది బోట్లకు, 540 రకం మోటార్లకు మంచి డబుల్ జాయింట్‌ను మించింది లేదనే చెప్పాలి.

ఓల్డ్‌హామ్ కప్లింగ్ కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. దాన్ని ఐర్లాండ్‌కు చెందిన జాన్ ఓల్డ్‌హామ్ 1821లో తయారు చేసిందే పడవ కోసం. తెడ్ల చక్రాలతో నడిచే ఆవిరి పడవలో వచ్చిన చిక్కును తీర్చడానికి. రెండు బిళ్లల మధ్య మూడో బిళ్ల అటూఇటూ జారుతూ పక్కకు జరిగిన తేడాను చక్కగా మింగుతుంది. కోణం తేడాకు మాత్రం పెద్దగా పనికిరాదు.

3డీ ప్రింటర్ కప్లింగ్‌తో జాగ్రత్త!

ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనిపించేది అల్యూమినియం స్ప్రింగ్ కప్లింగ్. చుట్టూ మెలికలు తిరిగిన గాడి కోసి ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సులువుగా దొరుకుతుంది. 3డీ ప్రింటర్లలో స్టెప్పర్ మోటారును స్క్రూ రాడ్డుకు కలపడానికి చేసిన సరుకు ఇది. అందుకే ఎక్కువగా 5 నుంచి 8 మి.మీ. సైజులో అమ్ముతారు. ప్రింటర్‌లో అది నెమ్మదిగా, ఆగి ఆగి తిరుగుతుంది. బోటులో మాత్రం నిమిషానికి వేల చుట్లు తిరగాలి.

లైన్ తప్పిన చోట ఇది ఒక్కో చుట్టుకు ఒక్కోసారి వంగి లేస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు అనుకుంటే పది నిమిషాల్లో 60 వేల సార్లు. పది ఆదివారాలు పది నిమిషాల చొప్పున నడిపితే 6 లక్షలు. ఇనుప తీగను అటూఇటూ వంచుతూ పోతే తెగినట్టే, ఆ గాడి చివర ముందు కంటికి కనిపించని పగులు వస్తుంది, తర్వాత ఓ రోజు టప్‌మని విరుగుతుంది. లైన్ దాదాపు సరిగ్గా ఉండి, మోటారు చిన్నదైతే పర్లేదు. ఆ రెండూ కాకపోతే ఈ కప్లింగ్‌ను బోటులో పెట్టకపోవడమే మంచిది.

మధ్యలో రబ్బరు నక్షత్రం ఉండే స్పైడర్ కప్లింగ్‌ది వేరే లెక్క. కాస్త బరువే, కానీ కుదుపును మింగుతుంది. రబ్బరు చిరిగినా దాని పళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ టకటకలాడుతూనే బోటును ఒడ్డుకు చేర్చే అవకాశం ఉంది. నాచు, గుర్రపుడెక్క ఎక్కువగా ఉండే మన చెరువుల్లో ఇది తీసిపారేయాల్సిన గుణం కాదు.

రేసింగ్ బోట్ల సంగతి పూర్తిగా వేరు. వాటిలో షాఫ్టే వంగే ఉక్కు కేబుల్. మోటారు వైపు కాలెట్‌తో బిగిస్తారు. లోడు పడగానే కేబుల్ మెలి బిగిసి కాస్త పొట్టిదవుతుంది. అందుకని వెనక స్ట్రట్‌కు, ప్రొపెల్లర్‌ను తిప్పే డ్రైవ్ డాగ్‌కు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. కేబుల్ చుట్టిన దిశ కూడా ప్రొపెల్లర్ తిరిగే దిశకు సరిపోవాలి. ఎదురు దిశలో లోడు పడితే పోగులు విచ్చుకుంటాయి. కాబట్టి ముందుకు, వెనక్కి సమానంగా నడవాల్సిన టగ్‌కు ఇది సరిపడదు.

వాట్లు చూసి మోసపోవద్దు

కప్లింగ్‌పై పడే అసలు భారం వాట్లు కాదు, మెలితిప్పే బలం. అంటే టార్క్. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 8 ఆంపియర్లు లాగితే సుమారు 100 వాట్లు. నష్టాలు పక్కనపెట్టి లెక్కేస్తే, ఇదే 100 వాట్లు 20,000 చుట్ల వేగంలో 0.05 న్యూటన్ మీటర్ల టార్క్‌గా వస్తాయి. అదే 6,000 చుట్ల వేగంలో 0.16 న్యూటన్ మీటర్లు. అంటే మూడు రెట్లకు పైనే! పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పే టగ్‌కు, బుల్లెట్‌లా దూసుకెళ్లే స్పీడ్ బోటు కంటే గట్టి కప్లింగ్ కావాలనేది ఇందుకే. స్పీడ్ బోటుకు బలం కంటే బ్యాలెన్స్ ముఖ్యం.

ఇక ప్రొపెల్లర్‌కు గుర్రపుడెక్క వేర్లు చుట్టుకున్నాయనుకోండి. ఆగిపోయిన బ్రష్డ్ మోటారు తన గరిష్ఠ టార్క్‌ను అప్పుడే చూపిస్తుంది, కరెంటునూ గరిష్ఠంగా లాగుతుంది. కప్లింగ్ తెగితే ఒక రకంగా అదృష్టం. తెగకపోతే మోటారో, వైర్లో కాలిపోతాయి. బ్యాటరీ వైరుకు సరైన ఫ్యూజ్ పెట్టడం తప్పనిసరి. కప్లింగే ఫ్యూజ్ పని చేస్తుందిలే అనుకోకూడదు.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఆగిపోయిన బోటు కోసం చెరువులోకి దిగొద్దు. పిల్లల్ని అసలే దించొద్దు. ఊబి, గుంతలు పైకి కనిపించవు. ఒక టెన్నిస్ బంతికి పొడవాటి నైలాన్ దారం కట్టి వెంట తీసుకెళ్తే, బోటు అవతలికి విసిరి నెమ్మదిగా లాక్కోవచ్చు. లేదంటే గాలి ఒడ్డుకు తెచ్చేదాకా ఆగడమే.

రంధ్రం సైజు.. చిన్న తేడాయే కానీ!

540 రకం మోటార్ల షాఫ్ట్ 3.17 మి.మీ. ప్రొపెల్లర్ షాఫ్ట్ సాధారణంగా 4 మి.మీ., కొసన ఎం4 మర. 775 మోటారైతే 5 మి.మీ. షాఫ్ట్. కాబట్టి కప్లింగ్‌కు రెండు వైపులా రెండు సైజుల రంధ్రాలు కావాలి. 3.17కి సరిపోయేది దొరక్క 4 మి.మీ. రంధ్రంలో దూర్చి స్క్రూ బిగించేవాళ్లు ఉన్నారు. స్క్రూ షాఫ్ట్‌ను ఓ పక్కకు నెట్టేస్తుంది. 0.4 మి.మీ. సెంటర్ అవుట్! నిమిషానికి 10,000 చుట్ల దగ్గర ఆ కప్లింగ్ సెకనుకు 166 సార్లు బోటును కుదుపుతుంది. సరైన సైజు దొరక్కపోతే లేత్ షాపులో ఇత్తడి బుష్ తిప్పించుకోవడం ఎంతో నయం. టర్నర్‌కు కొలత నోటితో చెప్పకుండా మోటారు, షాఫ్ట్ రెండూ పట్టుకెళ్లి చూపించాలి.

గ్రబ్ స్క్రూ గుండ్రటి షాఫ్ట్ మీద ఎంత బిగించినా జారుతుంది. మొదట్లో చెప్పుకున్న "మోటారు తిరుగుతుంది, బోటు కదలదు" సమస్యల్లో చాలా వరకు ఇదే. స్క్రూ పడేచోట షాఫ్ట్‌ను ఆకురాయితో కాస్త చదును చేయాలి. అయితే మోటారు పక్కన ఆకురాయి పట్టేముందు దాని గాలి రంధ్రాలన్నీ టేపుతో మూసేయాలి. లోపల అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి ఇనుప రజను లోపలికి పోయిందంటే మళ్లీ బయటకు రాదు. స్క్రూ మరకు ఒక చుక్క థ్రెడ్ లాకర్, తీయడానికి వీలయ్యే నీలం రంగుది, పెట్టాలి. మధ్యలో ప్లాస్టిక్ ఉన్న కప్లింగ్ అయితే ఆ ద్రవం ప్లాస్టిక్‌కు అంటకుండా చూసుకోవాలి. కొన్ని ప్లాస్టిక్‌లు దానివల్ల పగుళ్లిస్తాయి.

వంగని కప్లింగ్‌తో లైన్ కుదిర్చే చిట్కా

చాలామంది మోటారును పడవ అడుగున చదునుగా బిగిస్తారు. షాఫ్టేమో వాలుగా వస్తుంది. ఆ 8, 10 డిగ్రీల తేడాను జాయింట్‌కు వదిలేస్తారు. షాఫ్ట్ వాలు అనేది తప్పేం కాదు. మోటారును కూడా అదే వాలులో కూర్చోబెట్టకపోవడమే తప్పు.

అలా కూర్చోబెట్టడానికి ఓ తేలికైన దారి ఉంది. రెండు రంధ్రాలున్న గట్టి ఇత్తడి గొట్టం ఒకటి, మూడు నాలుగు సెంటీమీటర్లది, చేయించుకోవాలి. షాపులో దొరికే వంగని కప్లింగ్ అయినా చాలు. స్టెర్న్ ట్యూబ్‌ను ముందు బోటులో అతికించేయాలి. షాఫ్ట్‌ను, మోటారును ఆ ఇత్తడి గొట్టంతో కలపాలి. అప్పుడు మోటారు గాల్లోనే షాఫ్ట్ గీతకు వచ్చి నిలబడుతుంది. దాని మౌంట్‌కు, పడవ అడుగుకు మధ్య మిగిలిన సందులో చెక్క ముక్కలు సర్ది, నాలుగు చుక్కలు ఎపాక్సీ వేసి వదిలేయాలి. గట్టిపడేలోపు షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ఎక్కడా పట్టేయడం లేదని చూసుకోవాలి. పూర్తిగా ఆరాక మిగతా ఎపాక్సీ నింపి, మర్నాడు ఆ గొట్టం తీసేసి దాని చోట అసలు కప్లింగ్ పెట్టాలి. మోటారును స్క్రూలు విప్పి తీయగలిగేలా మౌంట్ ఉండాలన్నది మర్చిపోవద్దు. లేదంటే ఆ గొట్టం బయటకు రాదు.

లైన్ అంత బాగా కుదిరితే ఇత్తడి గొట్టాన్నే ఉంచేయొచ్చు కదా అనిపించవచ్చు. ఉంచేవాళ్లూ ఉన్నారు. కానీ ఎండకు, బరువుకు పడవ అడుగు కాస్తయినా కదులుతుంది. ఫైబర్ బోటు కంటే చెక్క బోటు ఇంకొంచెం ఎక్కువ.

తోపు కప్లింగ్ మీద పడకూడదు

ప్రొపెల్లర్ నీటిని వెనక్కి నెడితే, షాఫ్ట్ ముందుకు, అంటే మోటారు వైపు, తోసుకొస్తుంది. పెద్ద ఓడల్లో ఆ తోపును తీసుకోవడానికి థ్రస్ట్ బ్లాక్ అనే భారీ బేరింగు ఉంటుంది. మోడల్ బోటులో ఆ పని ప్రొపెల్లర్ ముందుండే లాక్‌నట్, వాషర్ చేయాలి. అవి స్టెర్న్ ట్యూబ్ బయటి బుష్‌కు ఆనితే తోపు పడవకు చేరుతుంది. ఆ ఏర్పాటు లేకపోతే తోపంతా కప్లింగ్ గుండా మోటారు లోపలికి పోతుంది. స్ప్రింగ్ కప్లింగ్ నొక్కుకుపోతుంది, చిన్న మోటారు బుష్‌లు అరిగిపోతాయి. రివర్స్‌లో తోపు అటు తిరుగుతుంది కాబట్టి లోపలి కొసన కూడా ఓ కాలర్ ఉండాలి. రెండింటి మధ్య షాఫ్ట్‌కు కాగితం దూరేంత ఆట ఉంటే చాలు.

మీటర్ పెట్టి చూస్తే తేలిపోతుంది

అన్నీ బిగించాక ఊహలతో పనిలేదు. ముందు మోటారును ఒంటరిగా తిప్పి ఎన్ని ఆంపియర్లు లాగుతోందో మీటర్‌లో చూడాలి. తర్వాత ప్రొపెల్లర్ లేకుండా కప్లింగ్, గ్రీజు పెట్టిన షాఫ్ట్ కలిపి అదే వోల్టేజీలో కొన్ని సెకన్లు తిప్పాలి. 1 ఆంపియర్ కాస్తా 1.2, 1.3 అయితే బాగున్నట్టే. రెట్టింపు అయిందంటే ఎక్కడో పట్టేస్తోంది. చేత్తో తిప్పితే ఎక్కడో కూడా తెలుస్తుంది. చుట్టు మొత్తం ఒకేలా బిగుతుగా ఉంటే మోటారు లైన్ తప్పింది. చుట్టుకు ఒక్కచోటే పట్టేస్తుంటే షాఫ్ట్ వంగి ఉండాలి, లేదా కప్లింగ్ రంధ్రం సెంటర్ తప్పి ఉండాలి.

మొదటిసారి నీళ్లలో పది నిమిషాలు నడిపాక బోటును ఒడ్డుకు తెచ్చి మూత తీయండి. కప్లింగ్‌ను వేలితో తాకి చూడండి, వేడిగా ఉండకూడదు. దాని కింద నల్లటి రబ్బరు పొడి, మెరిసే లోహపు రజను రాలి ఉంటే ఆ రోజుకు బోటు నడపడం ఆపేసి మోటారు మౌంట్ స్క్రూలు విప్పాల్సిందే. ఏమీ లేకపోతే అలెన్ కీతో గ్రబ్ స్క్రూలు మరో పావు చుట్టు బిగుస్తాయేమో చూసి, మూత పెట్టి మళ్లీ నీళ్లలోకి వదలొచ్చు.